నడిస్తే తగ్గిపోతుందట

కిందటి వారం మిమ్మల్ని రెడ్డిగూడెం మామిడితోటలో, మోటారు షెడ్డు పక్కన నిలబెట్టి నా దారిన నేను పోయాను. ఇవాళ అక్కడి నుంచే మొదలుపెడతాను. మధ్యలో వచ్చి కలిసినవాళ్ల కోసం మాత్రం నాలుగు ముక్కలు చెప్పాలి. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

అది డెబ్భై నాలుగో సంవత్సరం, ఫిబ్రవరి. గుణదల మాత తిరునాళ్లకు మా తిరువూరు నుంచి జ్ఞానమణి టీచరుగారు ఏటా కాలినడకన వెళ్లేవారు. మొదటి ఏడు ఆవిడ ఒక్కరే నడిచారు. ఆ తర్వాత ఒకరికొకరు తోడై, ఆ ఏటికి చిన్న ఊరేగింపంత మందిమి అయ్యాం. ఊరూరా ఆగి పాత నూలు చీరలు అడిగి తీసుకుని, బాలశౌరి ఎద్దుబండి మీద వేసుకుని, విజయవాడలో రొమ్ము జబ్బుతో ఉన్న ఆడవాళ్ల వార్డుకు పుండ్ల కట్ల కోసం ఇచ్చి రావడం ఆ నడకలో ముఖ్యమైన పని. ఉన్నట్టుండి ఆ ఏడు మా అత్తగారు నాగేశ్వరమ్మగారు కూడా నడుస్తానన్నారు. జ్ఞానమణి గారింట్లో మంచినీళ్లు కూడా పుచ్చుకోని మనిషి. మా మామగారు జగన్నాథరావుగారు ఏమంటారోనని ఇంటిల్లిపాదీ భయపడ్డాం. ఆయన "వెళ్లి రానీండి" అని పేపరు తిరగేశారు. అత్తగారి వెనక తోడుగా నన్ను పంపారు.

రెండో రోజు సాయంత్రానికి రెడ్డిగూడెం చేరి, మా అత్తగారి పెదనాన్న కొడుకు తోటలో దిగాం. మూడో రోజు పొద్దున్నే బిందె తీసుకుని మోటారు దగ్గరికి వెళ్లిన నాకు కనిపించింది ఇది. మా అత్తగారు నీళ్లతొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నారు. రవిక హుక్కులు తీసి ఉన్నాయి. టీచరుగారు ఎదురుగా వంగి, మూడు వేళ్లతో ఆవిడ ఎడమ రొమ్మును మెల్లగా నొక్కి చూస్తున్నారు.

ఇక చదవండి.

*

ఆ పొద్దు ఇప్పటికీ నా ముక్కుకు తగులుతుంది. మామిడి నిండా పూత. పూత మీది నుంచి తేనెమంచు కారి ఆకులన్నీ జిగురు జిగురుగా ఉన్నాయి. కింద పడుకున్న మా దుప్పట్లకు కూడా ఆ జిగురు అంటింది. దూరంగా ఎవరో మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తున్నారు. ఆ పొగా, ఆ పూత వాసనా కలిసి వస్తున్నాయి. ఏ ఫిబ్రవరిలో మామిడిచెట్టు కిందికి వెళ్లినా నాకు వయసు తగ్గిపోయినట్టే ఉంటుంది, వెంటనే దిగులు కూడా మొదలవుతుంది.

నేను బిందె కింద పెట్టాను. చప్పుడైంది. అత్తగారు గబుక్కున పైట లాక్కున్నారు. టీచరుగారు మాత్రం కదల్లేదు. ఆవిడ బళ్లో కూడా అంతే, పిల్లలు అల్లరి చేస్తుంటే వెనక్కి తిరక్కుండానే పాఠం రాసేసేవారు.

"రా సరోజినీ, దాచుకోవాల్సిందేం లేదు," అన్నారు టీచరుగారు.

"దాచుకోవాల్సింది లేకపోవడం ఏంటి టీచరమ్మా? నా కోడలు అది," అన్నారు అత్తగారు.

గట్టు మీద ఒక ఆముదపాకు పడి ఉంది. వేడి చేసి, ఆముదం రాసి, రాత్రంతా ఒంటికి కట్టుకుంటే ఆకు ఎలా నల్లబడి నలిగిపోతుందో అలా ఉంది. ఆ వాసన నాకు కొత్త కాదు. నెలల తరబడి మా అత్తగారి గదిలో అదే వాసన. కీళ్ల నొప్పులకు రాసుకుంటున్నానని చెప్పేవారు, నేను నమ్మాను. కీళ్ల నొప్పుల మనిషి తిరువూరు నుంచి గుణదలకు నడుస్తానంటే అప్పుడైనా అనుమానం రావద్దూ నాకు?

"ఎప్పటి నుంచి?" అని అడిగాను.

ఆవిడ నాకు జవాబు చెప్పలేదు. టీచరుగారితో చెప్పారు.

"కిందటేడు కాయలు దింపించేటప్పుడు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. రేక్కాయంత ఉంది. నొప్పి లేదు, ఏం లేదు. నొప్పి లేనిదాన్ని కెలకడం ఎందుకని ఊరుకున్నాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నిమ్మకాయంత. నొప్పి మాత్రం లేదు, ఒట్టు."

టీచరుగారు తొట్టిలో చేతులు కడుక్కున్నారు. నాకు కోపం వచ్చింది. బాధ కంటే ముందు కోపమే వచ్చిందని ఒప్పుకుంటాను. ఎనిమిదేళ్లు ఒకే వంటింట్లో తిరిగాం. శుక్రవారం వస్తే ఆవిడ తలకు నూనె పెట్టేది నేను, చిక్కు తీసేది నేను. ఆవిడ పాలల్లో చక్కెర ఎంతో నాకు తెలుసు, ఏ చుట్టం వస్తే తలనొప్పి వస్తుందో కూడా తెలుసు. ఇంత ముఖ్యమైన సంగతి మాత్రం నాకు తెలియదు.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా అత్తయ్యా? నేనంత పరాయిదాన్నా?"

"పరాయిదానివైతే చెప్పేదాన్నేమోనే," అన్నారావిడ.

అని తొట్టిలోని నీళ్ల వైపు తిరిగారు. ఆ తర్వాత చెప్పిన సంగతి, పెళ్లయిన ముప్పై ఏళ్లలో మా మామగారితో కూడా అనలేదట.

"మా అమ్మకు ఇదే వచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు. అది అంటుకుంటుందని మా నాయనమ్మ చెప్పింది. అమ్మను పశువుల చావిడి పక్క కొట్టులో పడుకోబెట్టారు. అన్నం నేనే తీసుకెళ్లేదాన్ని. కంచం గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి, వెనక్కి వచ్చి నిలబడేదాన్ని. ఒకరోజు అమ్మ గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకోబోయింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను." అత్తగారు చీరకొంగు వేలికి చుట్టి విప్పి మళ్లీ చుట్టారు. "అమ్మ నన్నేమీ అనలేదు. 'జాగ్రత్తమ్మా, తాకమాక' అంది. అంతే. నీకు చెప్తే, సరోజా, నువ్వు చెయ్యి వెనక్కి లాక్కుంటావని నాకు భయం. పిల్లలున్నారు గదా, నువ్వైనా ఏం చేస్తావు? తప్పు పట్టను. కానీ చూడలేను."

నేను వెళ్లి ఆవిడ పక్కన గట్టు మీద, ఇద్దరికీ మధ్య సందు లేకుండా కూర్చున్నాను. నోరు తెరిస్తే ఆవిణ్ని తిట్టి ఉండేదాన్ని.

"అంటుకోదు నాగేశ్వరమ్మగారూ," అన్నారు టీచరుగారు. "అంటుకునే జబ్బయితే నా మొగుడు ఈపాటికి పోయుండాలి. రోజూ నా ఎంగిలి కాఫీ తాగేది ఆ మనిషే. ఇది అంటుకోదు గానీ, ఊరుకుంటే లోపల్లోపల పాకిపోతుంది. ఎల్లుండి మనం వార్డుకు గుడ్డలివ్వడానికి వెళ్తాం గదా. మీరు నాతో లోపలికి రావాలి. అక్కడ డాక్టరమ్మ ఉంది, నేను చెప్తాను. ఆపరేషను చేస్తారు."

అత్తగారు ఆవిణ్ని వింతగా చూశారు. చంటిపిల్ల మాట విన్నట్టు నవ్వారు కూడా.

"ఆపరేషనెందుకు టీచరమ్మా? నేను నడుస్తున్నానుగా."

"నడవడం ఏంటి?"

"అదేంటలా అడుగుతావు? నడిచే గదా నీకు తగ్గించుకున్నావు. నీకు ఇక్కడ గడ్డ లేచిందనీ, గుణదలకు నడిస్తే పోయిందనీ మా ఊళ్లో తెలీనిదెవరికి? నువ్వేగా అందరితో మాత దయవల్ల తగ్గిందన్నావు. మీ దేవుడు వేరు, మా దేవుడు వేరు. అయినా తల్లి అంటే ఎవరికైనా తల్లే గదా అని మొక్కుకున్నాను. చెప్పుల్లేకుండా నడుస్తానన్నాను, తలనీలాలిస్తానన్నాను. ఇదిగో, సగం దారి వచ్చేశాం. నొప్పి కూడా లేదు చూశావా."

టీచరుగారి మొహం చూసి నాకు భయం వేసింది. ఎప్పుడూ కంగారు పడని మనిషి. బళ్లో పిల్లాడికి తేలు కుట్టినా నెమ్మదిగా చాక్‌పీసు పక్కన పెట్టి లేచే మనిషి. ఆవిడ తొట్టి గట్టును రెండు చేతులా పట్టుకున్నారు.

*

ఈ మాట వింటూ ఇంకొక మనిషి కూడా అక్కడే ఉంది. పెనుగొలను నుంచి వచ్చిన పిచ్చమ్మ. కూలికి పోయే మనిషి. దారి పొడుగునా అందరికంటే ముందు నడిచేది, అందరికంటే ఎక్కువ మాట్లాడేది. కుండ కడుక్కోవడానికి వచ్చి, షెడ్డు గోడ దగ్గర ఆగిపోయింది. ఆడవాళ్లు రవికలు సర్దుకుంటుంటే మీదికి రావడం మర్యాద కాదని ఆగిందే తప్ప, వినకూడదని కాదు.

"నిజమే టీచరమ్మగారూ," అంది పిచ్చమ్మ. "మా ఊరి అక్కమ్మ కూడా పోయినేడు అందుకేగా నడిచింది."

అక్కమ్మ నాకు బాగా గుర్తు. పోయినేడు నేను నడవలేదు గానీ, తిరువూరు బస్టాండు దగ్గర వీళ్లందరినీ సాగనంపడానికి వెళ్లాను. బండి పక్కన పాడుతూ నడిచిన బక్కపల్చటి మనిషి. గొంతు మాత్రం ఊరంతా వినిపించేది. ఆ పాటకు బస్సు డ్రైవరు కూడా హారను కొట్టకుండా మెల్లగా పక్కకు తప్పుకున్నాడని తర్వాత చెప్పుకున్నారు.

"అక్కమ్మ ఈ ఏడు కూతురి పురుడని రాలేదన్నావుగా?" అన్నారు టీచరుగారు.

పిచ్చమ్మ కుండను ఒక చంకలో నుంచి ఇంకో చంకలోకి మార్చుకుంది.

"పురుడు కాదమ్మగారూ. పోయింది. దీపావళికి ముందే పోయింది. దారిలో మీ మనసు కష్టపెట్టడం ఎందుకని అట్లా చెప్పాను. గుణదల నుంచి వచ్చాక ఎంత సంతోషపడిందో మీకు తెలీదు. నడిచేశానే పిచ్చీ, ఇంక నాకేం భయం లేదు అంది. వానాకాలం రాగానే పుండైంది. కొడుకు బండి కట్టి ఆసుపత్రికి పోదాం ఎక్కమంటే ఎక్కలేదు. టీచరమ్మగారు నడిచి బతికారు, నేనూ నడిచాను, ఇప్పుడు ఆసుపత్రికి పోతే మాతను నమ్మనట్టు గదా అంది. మేం కూడా నిజమే అనుకున్నాం. నా మొక్కులో ఏదో లోపం జరిగింది, ఈసారి నా బదులు నువ్వు సరిగ్గా నడువే అని పోయేముందు నాతో చెప్పింది. అందుకే వచ్చాను నేను."

ఆ మాట చెప్పేటప్పుడు పిచ్చమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. అదే నాకు భరించరానిదిగా అనిపించింది. చచ్చిపోయిన మనిషికి కూడా, నడకలో తనదే లోపమని అనిపించింది తప్ప, నడకతో తగ్గదేమోనన్న ఆలోచన రాలేదు.

జ్ఞానమణి టీచరుగారు నేల మీద కూర్చుండిపోయారు. బురద అని కూడా చూసుకోలేదు. చాలాసేపు ఏడ్చారు. మేమెవరం ఆపలేదు. ఏడుపు తగ్గాక లేచి, షెడ్డు తలుపు పక్కకు వచ్చి, మా ముగ్గురి వైపు తిరిగి, పైట తీశారు.

"చూడండి. సరిగ్గా చూడండి. మీరు కూడా దగ్గరికి రండి పిచ్చమ్మగారూ," అన్నారు.

కూలి మనిషిని గారూ అని పిలవడం నేను వినడం అదే మొదలు. పిచ్చమ్మ కుండ కింద పెట్టి వచ్చింది.

టీచరుగారు రవికలో నుంచి ఒక గుడ్డ మూట తీసి గట్టు మీద పెట్టారు. అరచేతిలో పట్టేటంత, గుండ్రంగా కుట్టిన తెల్లటి గుడ్డ, లోపల బూరుగు దూది. అందరికంటే ముందే లేచి ఆవిడ ఒక్కరే స్నానం ఎందుకు చేసి వచ్చేవారో, రాత్రిళ్లు అటు తిరిగి ఎందుకు పడుకునేవారో అప్పుడు అర్థమైంది. కుడివైపు రొమ్ము లేదు. చంక కింది నుంచి ఎదురొమ్ము ఎముక దాకా ఒక పొడుగాటి మచ్చ. చర్మం అక్కడక్కడ ముడతలు పడి, నల్లగా కమిలినట్టు ఉంది. నేను తల తిప్పుకోకుండా చూశాను. తిప్పుకుంటే పక్కనున్న అత్తయ్య ఏమనుకుంటుందోనన్న భయమే నన్ను నిలబెట్టింది.

"కోసి తీసేశారు," అన్నారు టీచరుగారు. "ఆ తర్వాత వేరే ఊరు తీసుకెళ్లి కరెంటు, అదే రేడియేషను, పెట్టించారు. ఈ నలుపంతా దానిదే. జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు, గోడ మీద వేళ్లు పాకించి పాకించి లేపడం నేర్చుకున్నాను. అంతా అయిపోయి, బతుకుతానని డాక్టరమ్మ చెప్పాకే నేను గుణదలకు నడిచాను. థాంక్స్ చెప్పడానికి నడిచాను. తగ్గాక నడిచానమ్మా నేను. నడిచి తగ్గించుకోలేదు."

"మరి మాత దయ అన్నావు," అన్నారు అత్తగారు, చిన్నపిల్లలా.

"దయే. ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను పంపింది ఆ తల్లేనని ఇవాళ కూడా నమ్ముతాను. కానీ కత్తి సంగతి ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది నాగేశ్వరమ్మగారూ. క్లాసులో నిలబడితే ఆడపిల్లలంతా ఎటు చూస్తారో అని. బజార్లో మగాళ్లు ఎటు చూస్తారో అని. తగ్గిపోయింది, మాత దయ అని చెప్తే ఎవరూ ఇంకేం అడగరు గదా. హాయిగా ఉండేది. మీరంతా నా వెనక నడుస్తుంటే ఎంత గర్వపడ్డానో. అక్కమ్మ నా పక్కనే నడిచింది. రాత్రి నా పక్కనే పడుకుంది. ఏం మొక్కుకున్నావని అడిగాను. మొక్కు బయటికి చెప్పకూడదంది. నేనూ ఊరుకున్నాను."

అవును, మా వైపు అంతే. మొక్కు ఏమిటో తీరేదాకా నోరు విప్పి చెప్పకూడదంటారు. చెబితే ఫలించదంటారు. అంతమంది ఆడవాళ్లం, అన్ని మైళ్లు కలిసి నడిచి, ఒకరి తలలో పేలు ఒకరు చూసుకుని, ఒకరి మొగుళ్ల మీద ఒకరికి చాడీలు చెప్పుకుని, ఎందుకు నడుస్తున్నామో మాత్రం చెప్పుకోలేదు. ఎంత మంచి రోజులో అని ఇవాళ చెప్పుకుంటాం గానీ, ఆ మంచి రోజుల్లో ఈ పాడు అలవాటు కూడా ఉంది.

మా అత్తగారు గట్టు మీద నుంచి లేచారు. టీచరుగారికి ఎదురుగా వెళ్లి నిలబడ్డారు. కాసేపు తటపటాయించి, చెయ్యి చాపి, ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించారు. తీయలేదు. ఆవిడ ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. చావిడి గుమ్మంలో పన్నెండేళ్ల పిల్ల చేయలేని పని, ఇన్నేళ్లకు చేస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"నొప్పిగా ఉంటుందా?" అని అడిగారు.

"ఇప్పుడు లేదు. మబ్బు పట్టినప్పుడు లాగుతుంది."

"ఆ డాక్టరు ఆడమనిషేనా, నిజంగా?"

"ఆడమనిషే. మీకంటే గట్టిగా అరుస్తుంది కూడా."

"మరి ఇది," అని దూది మూటను చూపించారు, "చీరలో తెలీదా?"

"నాలుగేళ్ల నుంచి మీకు తెలిసిందా?"

అత్తగారు ఆలోచించారు. ఊళ్లో ఎవరి రవిక కుట్టు ఎక్కడ పిగిలిందో వీధి చివర నుంచి కనిపెట్టే కళ్లు అవి. "లేదే," అన్నారు ఆశ్చర్యంగా.

"వానలో తడిస్తే మాత్రం బరువు. వానలో బయటికి రాకండి, సరిపోతుంది," అన్నారు టీచరుగారు. పిచ్చమ్మ ముందు నవ్వింది, తర్వాత మేమందరం నవ్వాం. కళ్లు తుడుచుకుంటూ ఎంతసేపు నవ్వామో. పొయ్యి దగ్గరున్నవాళ్లు ఇదేమిటని తలలెత్తి చూశారు.

"సరోజా, హుక్కులు పెట్టు. నా చేతులు ఆడట్లేదు," అన్నారు అత్తగారు. నేను పెట్టాను. పెడుతుంటే ఆ గడ్డ నా వేలికి తగిలింది. గట్టిగా, కదలకుండా ఉంది. నేను చెయ్యి తీయలేదని ఆవిడ గమనించారు. "ఎల్లుండి దాకా ఎందుకు, ఇవాళే వెళ్దాం. నడిస్తే ఆలస్యం. మైలవరం వెళ్లి బస్సెక్కుదాం. మళ్లీ నా మనసు మారకముందే," అన్నారు.

*

అందరికీ చెప్పాల్సిందేనని టీచరుగారు అన్నారు. ఈ నడకలో ఇంకెంతమంది ఇలా ఉన్నారో, ఉప్మా తిన్నాక అందర్నీ చెట్టు కింద కూర్చోబెట్టి మాట్లాడతానన్నారు. అప్పటికి బాగా తెల్లవారింది. బాలశౌరి ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. దారిలో ప్రతి ఊళ్లోనూ ఆడవాళ్లు చీర ఇచ్చేముందు అంచు చింపి ఇచ్చేవారు. అంచు గట్టిగా ఉండి పుండుకు గీసుకుంటుందని టీచరుగారు నేర్పారు. ఆ చింపిన అంచులన్నీ బాలశౌరి బండి గుంజలకు కట్టేవాడు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నెమలికంఠం రంగు. గాలికి అవన్నీ ఎగురుతుంటే పెళ్లివారి బండి అనుకుని పిల్లలు వెంటపడేవారు. ఇప్పుడు ఆ రోడ్డు మీద అంతా కార్లే. నాకు మాత్రం ఆ బండే కనిపిస్తుంది.

మా మూటలు సర్దుకుంటుండగా తోట గేటు దగ్గర హారను మోగింది. మా చినమామగారి అంబాసిడరు. అందులో నుంచి మా మామగారు దిగారు, చేతిలో మజ్జిగ కూజా పట్టుకుని. కూజా మోయడం ఆయన జన్మలో అదే మొదటిసారి అయి ఉంటుంది. మూత సరిగ్గా పెట్టక పంచె మీద ఒలికి ఉంది.

మామగారికీ నాకూ మాటలు తక్కువ. ఆయన పడమటింట్లో ఉంటే నేను వంటింటి తలుపు చాటు నుంచి "భోజనానికి రమ్మంటున్నారు" అనేదాన్ని. ఎవరు రమ్మంటున్నారో ఆయన అడిగేవారు కాదు. ఎనిమిదేళ్లుగా మా మాటలన్నీ ఆ తలుపు చాటునే జరిగాయి.

"ఎట్లా ఉన్నారో చూసి పోదామని వచ్చాను," అన్నారాయన, ఎవరితోనూ కాకుండా.

అత్తగారు నేరుగా వెళ్లి కారు వెనక తలుపు మీద చెయ్యి వేశారు. "మంచివేళ వచ్చారు. పదండి, విజయవాడ పోదాం," అన్నారు.

"ఏం, కాళ్లు నొప్పులా?"

"కాళ్లు కాదు."

"మరి?"

ఆవిడ పైట సర్దుకున్నారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ పదం ఇద్దరి మధ్యా పగటిపూట వచ్చి ఉండదు. ఆవిడ నా వైపు చూశారు. టీచరుగారు అడుగు ముందుకు వేయబోయి ఆగారు. ఇది మా ఇంటి మాట, మా ఇంటివాళ్లే చెప్పాలి. అక్కడ చాటున నిలబడటానికి తలుపు కూడా లేదు. మామగారి చెప్పుల వైపు చూస్తూ చెప్పేశాను.

"మామయ్యగారూ, అత్తయ్యకు రొమ్ములో గడ్డ ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లాలండి. ఆపరేషను చేయించాలి."

ఆయన కోప్పడతారనుకున్నాను. లేకపోతే కూలబడతారనుకున్నాను. ఆయన కూజాను జాగ్రత్తగా కారు బానెట్టు మీద పెట్టారు.

"తెలుసమ్మాయ్," అన్నారు.

అత్తగారు తల ఎత్తి ఆయన్ను చూశారు.

"ఒకే గదిలో పడుకునే మనిషిని. ఆముదం వాసన నాకు తెలీదా? మీ అత్తయ్య చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే బెదిరిపోతుందని. మీ టీచరుగారు నడిచి తగ్గించుకున్నారని కరణంగారు చెప్పారు. అందుకే సరేనన్నాను. లేకపోతే ఇంతదూరం ఎందుకు పంపిస్తాను?" ఆయన పంచె మీది మజ్జిగ తుడుచుకున్నారు. "ఆ తల్లి ఎవరో నాకు తెలీదు. ఈ రెండు రాత్రులూ ఆవిడకే దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడు కారెక్కితే నడిచిందంతా వృథా పోదా?"

"అది కాదండీ, టీచరుగారు..." అని నేను మొదలుపెట్టాను. ఆయన వినడం లేదు. మా అత్తగారినే చూస్తున్నారు. ఎనిమిదేళ్లలో ఆయన ఆవిణ్ని నలుగురిలో అలా చూడటం నేనెప్పుడూ చూడలేదు.

"కాళ్లు బాగోకపోతే ఒక పూట ఆగి నడుద్దువుగానిలే నాగేశ్వరీ," అన్నారు. "కారు వెనక్కి పంపించేస్తాను. ఇక్కడి నుంచి నేనూ నీ పక్కనే నడుస్తాను."

అని వంగి, చెప్పులు విప్పి, పక్కన పెట్టారు.

పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి ముందు, ఈవిడ వెనక. గుడికైనా అంతే, పెళ్లికైనా అంతే. అత్తగారు మట్టిలో ఉన్న ఆయన ఉత్త పాదాలను చూశారు. ఆవిడ మొహంలోకి, నేనెన్నడూ చూడని ఒక సంతోషం వచ్చింది. కారు తలుపు మీదున్న ఆవిడ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.